కేశవయ్య తొట్టిలో రామలక్ష్మణులు

కోయిలకుంట్లలో అన్నదమ్ములు తగువు పడితే ముందు పోలీసు స్టేషన్‌కు పోరు. కేశవయ్య స్టీలు సామాన్ల అంగడికి పోతారు. అక్కడ గల్లాపెట్టె వెనక, తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద, దిండుకు ఆనుకుని కేశవయ్య కూర్చుని ఉంటాడు. యాభై మూడేళ్ళ మనిషి. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, చేతిలో విసనకర్ర. వచ్చినవాళ్ళ గోడు సగం విని, తక్కిన సగం తనే చెప్పేసి, చివరికి అంగడి లోపలికి చెయ్యి చూపిస్తాడు. అక్కడ నిచ్చెన మీద నిలబడి పై అరలోంచి బిందెలు దించుతూ తమ్ముడు శివప్రసాద్ కనిపిస్తాడు.

"సూడండప్పా. పందొమ్మిదేండ్లాయ, ఇద్దరం ఒకే అంగట్లో ఉండాము. మా మధ్య ఒక్క ఎదురుమాట ఎవరన్నా ఇన్నారా?"

ఎవరూ వినలేదు, నిజమే. శివప్రసాద్ నోట ఎదురుమాట సంగతి దేవుడెరుగు, మామూలు మాట విన్నవాళ్ళే ఊళ్ళో తక్కువ. గిరాకీ వచ్చి బిందె అడిగితే బిందె తీస్తాడు, మూత అడిగితే మూత తీస్తాడు. ధర చెప్పేది మాత్రం అన్నే. ఆ అంగట్లో కూర్చునే చోటు ఒక్కటే, దాని మీద కేశవయ్య ఉన్నాడు కాబట్టి శివప్రసాద్ నిలబడి ఉంటాడు. డిగ్రీ చదివి ఇరవయ్యొకటో ఏట అంగట్లోకి వచ్చినవాడు నలభయ్యో ఏట కూడా నిలబడే ఉన్నాడు.

కేశవయ్యకు ఇందులో తప్పేమీ కనపడలేదు. తండ్రి పోయేనాటికి శివప్రసాద్‌కు తొమ్మిదేళ్ళు. వాడి ఫీజులు కట్టింది, జ్వరమొస్తే నంద్యాలకు ఎత్తుకుపోయింది, ప్రొద్దుటూరు సంబంధం చూసి పెళ్ళి చేసింది, అన్నీ తనే. ఇంట్లో కూడా తండ్రి పెట్టిన కట్టుబాటు తప్పలేదు: ముందు పెద్దవాడు తిని లేవాలి, ఆ తర్వాతే చిన్నవాడు కూర్చోవాలి. "మా శివునికీ నాకూ నాలుక కూడా ఒకటే" అని కేశవయ్య ఊరందరికీ చెప్పేవాడు. "గుత్తొంకాయ ఉంటే సాలు, ఇంగో కూర అడగము." ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ ఆ మాట పట్టుకుని వారానికి మూడుసార్లు గుత్తివంకాయ వండేది.

ఇంత సుఖంగా ఉన్న అంగట్లోకి 2007లో తాబేళ్ళు వచ్చాయి.

అవి వాస్తు ఏలుతున్న రోజులు. ఊళ్ళో సగం ఇళ్ళకు వాకిళ్ళు జరిగాయి, మెట్లు విరిగాయి, ఆగ్నేయంలో ఉన్న పొయ్యి ఉన్నచోటే ఉన్నందుకు శాంతులు జరిగాయి. దేవేంద్రప్ప అనే వాస్తు పండితుడు కేశవయ్య అంగడికి వచ్చి, గోడలకు దిక్సూచి ఆనించి చూసి, బరువుగా తల ఊపాడు.

"ఉత్తరాన నీళ్ళు ఉండాల. నీళ్ళలో ప్రాణం ఉండాల. ఆ ప్రాణం నిదానంగా ఉండాల."

నిదానంగా ఉండే ప్రాణం ఒకటి అంగట్లో ఇప్పటికే నిచ్చెన మీద ఉంది గానీ, దాన్ని నీళ్ళలో పెట్టడానికి లేదు. కేశవయ్య కర్నూలు పోయి, చేపల తొట్లు అమ్మే అంగట్లో చెవి పక్కన ఎర్రమచ్చ ఉన్న తాబేళ్ళు రెండు కొన్నాడు. ఒకటి అరచెయ్యంత, ఇంకొకటి దానికంటే కాస్త చిన్నది.

"ఒకటి సాలు సామీ. రెండూ ఒకే తొట్లో పెడితే..." అని అంగడతను ఏదో చెప్పబోయాడు.

"ఒకటే ఎట్లయ్యా? తోడు ఉండద్దా?" అని కేశవయ్య అక్కడికే ఆపేశాడు. ఎదుటివాడి మాట సగంలో తెంపడం ఆయనకు పంచాయితీల్లో పట్టుబడిన విద్య.

గాజుతొట్టి ఉత్తరాన పెట్టారు. గండికోట చూడబోయినప్పుడు పెన్న ఒడ్డున ఏరుకొచ్చిన పలకరాయి ఒకటి ఇంట్లో ఉంటే, దాన్ని తొట్టి మధ్యలో నీళ్ళకు పైకి కనపడేటట్టు ఆనించారు. కేశవయ్య ఏటా ఒంటిమిట్ట పోయే మనిషి. అక్కడ సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో వెలిశారు కాబట్టి, ఇక్కడ పెద్ద తాబేలుకు రాముడనీ చిన్నదానికి లక్ష్మణుడనీ పేర్లు పెట్టి, ఇద్దరికీ ఒకే రాయి చాలునన్నాడు. తాబేళ్ళ తిండి అని కర్నూలు అంగడతను ఇచ్చిన పొట్లం చేపల కంపు కొడుతోందని రాజ్యలక్ష్మమ్మ మోరీలో పారేసింది. అప్పటినుంచి రామలక్ష్మణులు తోటకూర మీద బతికారు. "మన ఇంటికొచ్చినాక కూరగాయలకు మళ్ళినాయి" అని కేశవయ్య అదొక గొప్పగా చెప్పుకున్నాడు.

పది రోజుల్లో ఆయనకు తాబేళ్ళ భాష వచ్చేసింది. పొద్దున తొట్టి మీద ఎండ పడగానే లక్ష్మణుడు రాయి ఎక్కేవాడు. వెనకే రాముడు వచ్చి లక్ష్మణుని వీపు మీదికే ఎక్కి కూర్చునేవాడు. కింద నలిగి నలిగి లక్ష్మణుడు నీళ్ళలోకి జారిపోయేవాడు. "అన్నను మోస్తాండాడు సూడండప్పా! అరణ్యవాసంలో మోసినట్టే" అనేవాడు కేశవయ్య. రాముడు అప్పుడప్పుడు లక్ష్మణుని మొహానికి అడ్డంగా వచ్చి ముందుకాళ్ళు చాచి గోళ్ళు గడగడ ఆడించేవాడు. అది దీవెన. తోటకూర వేస్తే రాముడు తినేదాకా లక్ష్మణుడు మూలన డిప్పలోకి తల ముడుచుకుని ఉండేవాడు. అది మర్యాద.

పంచాయితీకి వచ్చినవాళ్ళకు ఇప్పుడు తమ్ముడితోపాటు తొట్టి కూడా చూపించడం మొదలైంది. కొంతమంది నిజంగానే కళ్ళు తుడుచుకుని పోయారు. తొట్టి కడిగేదీ, నీళ్ళు మార్చేదీ శివప్రసాదే. కడిగేటప్పుడు చిన్నదాన్ని కాసేపు విడిగా బకెట్లో వేసి ఉంచేవాడు. బకెట్లో అది ఆకు తినేది. శివప్రసాద్ చూసేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదు.

"ఆ సిన్నదాని కండ్లు సూస్తే నాకు మన శివుడు గుర్తొస్తాడండీ" అంది ఒకరోజు రాజ్యలక్ష్మమ్మ.

"రాడా మరి! ఆ వినయం యాడికి పోతాది?" అని మురిసిపోయాడు కేశవయ్య.

మరుసటేడు మాఘమాసంలో శివప్రసాద్ ఒక మాట అడిగాడు. నిచ్చెన మీద ఉన్నప్పుడు అడిగాడు. అన్నకంటే ఎత్తులో ఉండే చోటు అతనికి అదొక్కటే మరి.

"అన్నా, ప్రొద్దుటూరులో మా మామ వాళ్ళ గది ఒకటి ఖాళీ అయ్యింది. బజార్లోనే. ఆడ సిన్నగా అంగడి పెట్టుకుందామని."

విసనకర్ర ఆగిపోయింది. కేశవయ్యకు కోపం రాలేదు, భయం వేసింది. కోయిలకుంట్ల అన్నదమ్ములందరికీ తను చెప్పిన నీతులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఈ సంగతి తెలిస్తే రేపటినుంచి ఎవడొస్తాడు పంచాయితీకి? అంతకన్నా లోపల ఇంకో భయం ఉంది, దాన్ని ఆయన పైకి రానివ్వలేదు. వీడు పోతే పొద్దున అంగడి తలుపు తీయగానే "అన్నా" అనేవాళ్ళు ఉండరు.

"ఏం తక్కువైందిరా నీకు? ఆ తొట్టి సూడు. ఆ మూగజీవాలకున్న బుద్ధి మనకు ల్యాకపోతే ఎట్లా?"

శివప్రసాద్ తొట్టి చూశాడు. అప్పుడు కూడా రాముడు లక్ష్మణుని మీదే ఉన్నాడు.

"వాసవీ జయంతి దాటనీ, సూద్దాం" అన్నాడు కేశవయ్య. ఆ జయంతి నాడు కులసంఘం వాళ్ళు ఇద్దరికీ 'ఆదర్శ సోదరులు' అని శాలువా కప్పబోతున్నారు. శాలువా కప్పించుకున్నాక విడిపోయే మొహం ఏ తమ్ముడికుంటుంది? ఇదీ ఆయన లెక్క.

ఎండలు ముదిరేసరికి లక్ష్మణుడు తిండి మానేశాడు. డిప్ప మెత్తబడింది, తోక కొస నల్లబడింది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు ఓబుళేశు పాలక్యాను కొనడానికి వచ్చి, ధర బేరం ఆడుతూ ఆడుతూ తొట్టి ముందు నిలబడిపోయాడు.

"సామీ, వీటిని ఎవురు కలిపినారు?"

"నేనే. ఏమి?"

"నాకు తాబేళ్ళ వైద్దెం తెల్దు. ఇది ఆడదో మగదో కూడా తెల్దు. ఎనుములు మాత్రం తెలుసు. కొట్టంలో పాత ఎనుము కొత్తదాన్ని గాడి కాడికి రానీదు. మేత ముందర నిలబడి కొమ్మాడిస్తాది. కొత్తది మూలన తలొంచుకుని ఉంటాది. సూసేటోళ్ళు అబ్బ, ఎంత సాధువో అనుకుంటారు. అది సాధువు కాదు సామీ, ఆకలితో ఉండాది. ఇదీ అట్లే కనపడతాది. ఈ పెద్దది ఎండ ఇయ్యదు, తిండి ఇయ్యదు. గోళ్ళాడిస్తాండేది దీవెన కాదు, బెదిరింపు. వేరే తొట్లో పెట్టు."

"పశువుల బుద్ధి వేరు ఓబుళేశూ. ఇవి రామలక్ష్మణులు."

"పేరు నువ్వే కదా సామీ పెట్టింది" అని ఓబుళేశు క్యాను తీసుకుని పోయాడు.

కేశవయ్య పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. అయినా ఓబుళేశు నోరు మూయించడానికి రెండో రాయి ఒకటి తెప్పించి తొట్టిలో పెట్టాడు. లక్ష్మణుడు కొత్త రాయి ఎక్కాడు. రాముడు పాత రాయి దిగి, ఈదుకుంటూ వచ్చి, లక్ష్మణుని తోసి కొత్తది ఎక్కాడు. లక్ష్మణుడు పోయి పాతది ఎక్కాడు. రాముడు తిరిగొచ్చాడు. పొద్దుగూకే దాకా రెండు రాళ్ళూ రాముడివే. బిందెలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు బిందెలు మరిచిపోయి ఆ తమాషా చూశారు.

"తమ్ముని ఇడిసి ఒక్క గడియ ఉండల్యాడు. అంత ప్రేమ!" అన్నాడు కేశవయ్య. ఈసారి మాత్రం ఆయన గొంతులో రోజూ ఉండే ధీమా కాస్త తగ్గింది.

వాసవీ జయంతి నాడు కల్యాణ మండపం నిండిపోయింది. శివప్రసాద్ ఆటోలో తొట్టిని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు, ఎందుకంటే ఉపన్యాసానికి సాక్ష్యం కావాలని అన్న అన్నాడు. సంఘం కార్యదర్శి సుందరం వేదిక మీద రెండు కుర్చీలు వేయించాడు. కేశవయ్య ఒకదాంట్లో కూర్చున్నాడు. శివప్రసాద్ అలవాటు కొద్దీ రెండో కుర్చీ వెనక నిలబడ్డాడు. శాలువాలు కప్పారు. వంటశాల నుంచి గుత్తివంకాయ వాసన వస్తోంది. అన్నదమ్ములకు ఇష్టమని సుందరం ప్రత్యేకంగా చెప్పి చేయించాడు.

కేశవయ్య మైకు అందుకున్నాడు. "ఈ కాలం అన్నదమ్ములు గోడలు కట్టుకుంటాండారు. గోడ ల్యాకుండా బతికేది ఎట్లో ఈ మూగజీవాలను సూసి నేర్చుకోండి. ఈ సిన్నోడు అన్న తినందే తినడు. ఈ పెద్దోడు..."

ముందు వరసలో కూర్చున్న నాగలక్ష్మమ్మ లేచి నిలబడింది. ఎనభై ఏళ్ళ ముసలామె, ఊళ్ళో ఎవరికీ జంకదు. "ఏమప్పా కేశవయ్యా! నీ రాముడు లక్ష్మణుని తోక కొరుకుతాండాడు సూడు!"

మండపం మెడలు చాచింది. తొట్టిలో నీళ్ళు ఎర్రగా మారుతున్నాయి. రాముడు తోక పట్టుకుని గుంజుతున్నాడు, లక్ష్మణుడు గాజు మీద గోళ్ళతో గీరుతున్నాడు.

"అది... ప్రేమ ఎక్కువై..." అంది మైకు, కేశవయ్య గొంతుతో.

మండపం పగలబడి నవ్వింది. ఆ నవ్వులోంచి శివప్రసాద్ ముందుకు వచ్చాడు. కొత్త చొక్కా చెయ్యి మడిచి నీళ్ళలో పెట్టాడు. రాముడు అతని వేలు కూడా కొరికాడు. అయినా వదలకుండా చిన్నదాన్ని విడిపించి, పైకి తీసి, భుజం మీది శాలువాలో చుట్టాడు. తర్వాత అన్నకు మాత్రమే చెప్పాలని ఒక మాట చెప్పాడు. మైకు అన్న చేతిలోనే ఉంది.

"దీన్ని వేరే పెట్టాలన్నా. లేకుంటే సచ్చిపోతాది."

మూలమూలన ఉన్న స్పీకర్లలోంచి ఆ మాట మండపమంతా వినిపించింది. పందొమ్మిదేళ్ళలో శివప్రసాద్ పదిమందిలో మాట్లాడిన మొదటి మాట అదే. నవ్వు ఆగిపోయింది. ఆ మాట తాబేలు గురించేనా అన్న అనుమానం అందరికీ ఒక్కసారే వచ్చినట్టుంది. శివప్రసాద్ వేదిక దిగి, శాలువాను గుండెకు ఆనించుకుని బయటికి నడిచాడు.

కేశవయ్య భోజనం కూడా చేయకుండా ఇంటికొచ్చాడు. దారి పొడుగునా తిట్టాలనే వచ్చాడు. సన్మానం శాలువాలో తాబేలును చుడతాడా! పెరట్లో తమ్ముడు స్టీలు టబ్బు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. లక్ష్మణుని తోకకు పసుపు అద్ది ఉంది. టబ్బులో ఒక ఇటుకరాయి, దాని మీద ఎండ. లక్ష్మణుడు మెడ బారెడు చాచి తోటకూర ఆకును రెండు గుటకల్లో మింగి, ఇంకోదాని కోసం చూస్తున్నాడు.

తిట్టు కేశవయ్య నోట్లోనే ఉండిపోయింది. తనూ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇంత తింటాదారా ఇది?"

"ఎవురూ ల్యాకపోతే తింటాదన్నా."

కేశవయ్య ఇంకో ఆకు తుంచి టబ్బులో వేశాడు. తమ్ముడు కడుపు నిండా తినగా తను ఎప్పుడు చూశాడో గుర్తు చేసుకోబోయాడు. జ్వరంతో ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లవాడికి రొట్టె పాలలో ముంచి తినిపించింది గుర్తొచ్చింది. ఆ తర్వాత ఏమీ గుర్తు రాలేదు.

ఇంతలో సుందరం పంపిన క్యారియరు వచ్చింది. "శివా, రా. ఇద్దరం ఒకేసారి తిందాం" అన్నాడు కేశవయ్య. ఆ ఇంట్లో ఆ మాట ఎన్నడూ లేదు. శివప్రసాద్ వదిన మొహం చూశాడు. ఆమె రెండు పీటలు వేసింది. కేశవయ్య క్యారియరు మూత తనే తీశాడు. గుత్తివంకాయల్లో పెద్దవి రెండు ఏరి, ప్రేమగా, తన చేత్తో తమ్ముడి కంచంలో వేశాడు.

అప్పుడు వంటింటి గడపలోంచి శివప్రసాద్ భార్య శ్రీవిద్య మాట్లాడింది. బావగారి ఎదుట ఆమె మాట్లాడగా అంతకుముందు ఎవరూ వినలేదు.

"బావగారూ, ఆయనకు వంకాయ పడదు. తిన్నప్పుడల్లా ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. రేత్రిళ్ళు గీరుకుంటానే ఉంటాడు."

కేశవయ్య చెయ్యి అక్కడే ఆగింది. "ఎప్పటినుంచిరా?"

"సిన్నప్పటినుంచీ అన్నా."

"మరి సెప్పల్యా?"

శివప్రసాద్ తల వంచుకున్నాడు. "నీకు ఇష్టం కదన్నా."

అంతకంటే ఎదురుమాట అయినా ఓర్చుకునేవాడు కేశవయ్య. కంచం పక్కకు జరిపి ఏడ్చాడు. పంచాయితీల్లో ఏడిపించడమే తెలిసినవాడికి ఏడవడం సరిగ్గా రాలేదు, దగ్గు వచ్చింది. రాజ్యలక్ష్మమ్మ నీళ్ళు ఇచ్చింది. తమ్ముడి కంచంలోని వంకాయలు రెండూ కేశవయ్య తన కంచంలోకి తీసుకుని, "రాజ్యం, వీనికి పప్పెయ్యి" అన్నాడు. ఆ తర్వాత, "ఆ ప్రొద్దుటూరు గది కారతాదేమో, వానలు రాకముందే సూసుకో" అన్నాడు.

జ్యేష్ఠంలో మంచిరోజు చూసి శివప్రసాద్ సామాను లారీకి ఎక్కించాడు. లక్ష్మణుని టబ్బు శ్రీవిద్య ఒళ్ళో ఉంది. లారీ కదలబోతుండగా శివప్రసాద్ తిరిగి అంగట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఆ రాయి ఇస్తావా?"

"యా రాయి?"

"గండికోట రాయి."

"ప్రొద్దుటూరులో రాళ్ళు ల్యావేంరా? పెన్న మీ ఊరి పక్కనే కదా పోతాండేది!" అనేశాడు కేశవయ్య. అలవాటైన నోరు ఒక పూటలో మారదు. అనేశాక తన మాట తనకే వినపడింది. లేచి, పట్టుపంచె చెంగు తడుస్తున్నా చూసుకోకుండా తొట్టిలో చెయ్యి పెట్టాడు. రాయి మీద రాముడు ఉన్నాడు, దిగనని గోళ్ళు ఆడించాడు. "దిగురా నాయనా, సాల్లే" అని వాణ్ణి తోసి, రాయి తుడిచి తమ్ముడి చేతిలో పెట్టాడు.

లారీ పోయింది. రాముడు కొత్త రాయిని వదిలేసి, ఆ సాయంత్రం దాకా పాత రాయి ఉన్నచోట గుండ్రంగా తిరిగాడు. మర్నాడు పొద్దున అంగడి తీసినప్పుడు "అన్నా" అని ఎవరూ అనలేదు. నిచ్చెన ఎక్కడానికి కేశవయ్యే లేచాడు. మధ్యాహ్నానికి మోకాళ్ళు పట్టేశాయి. గల్లాపెట్టె దాకా కుంటుతూ వచ్చి, నిచ్చెన వైపు తిరిగి చూశాడు.

పంచాయితీలకు ఇక ఎవరూ రారనుకున్నాడు. వారం తిరక్కుండా లక్ష్మన్న అనే రైతు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

"సామీ, వీడు వేరు పోతానంటాండాడు. నువ్వన్నా బుద్ధి సెప్పు. ఏం తక్కువ సేసినా నేను వీనికి?"

తమ్ముడు అన్న వెనక తలొంచుకుని నిలబడి ఉన్నాడు. కేశవయ్య తొట్టి చూపించలేదు.

"లక్ష్మన్నా, మీ తమ్మునికి ఏం కూర ఇష్టం?"

లక్ష్మన్న తెల్లమొహం వేశాడు. "వీనికి ప్రత్యేకంగా ఇష్టమేముంటాది సామీ? ఏది పెడితే అది తింటాడు."

కేశవయ్య పరుపు మీద నుంచి పక్కకు జరిగి, లక్ష్మన్న తమ్ముణ్ణి చూసి చోటు చూపించాడు.

"నువ్వు ఇట్ల కూసో అప్పా. లక్ష్మన్నా, నువ్వు నిలబడు. నిలబడి, వాన్ని అడుగు."